అన్నానికి అరగంట

మొన్న ఒకనాడు డిగ్రీ తరగతిలో సుమతీ శతకం ప్రసక్తి వచ్చినది. బలమున్నదన్న గర్వంతో పదిమందితో వైరం తెచ్చుకొనరాదని చెబుతూ, చీమల పాలబడిన పామును కవి దృష్టాంతంగా చూపిన పద్యం తెలుగు బడిలో చదివినవారందరికీ కంఠస్థమే. తాత్పర్యం చెప్పి ముగించబోతుండగా వెనుక బల్ల నుంచి ఒక విద్యార్థి లేచినాడు.

“చీమలు ఏకమైతే పాము చచ్చింది. పనివాళ్లు సంఘం పెడితే ఫ్యాక్టరీ మూతపడుతుంది. అంతే కదా సార్?” అన్నాడు.

తరగతి అంతా నవ్వినది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కాని ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ మాట మనస్సును వదలలేదు. ఇన్నేండ్లుగా పాఠం చెబుతూ నేను గమనించని సంగతి ఒకటి అప్పుడు స్ఫురించినది. ఆ పద్యంలోని నీతి పాముకు చెప్పినది. చీమలకు చెప్పినది కాదు. చీమలు ఎట్లా ఏకమైనవి? మొదట కదిలినది ఏది? వెనుకాడినవి ఎన్ని? ఏకమైన తరువాత మళ్లీ ఎందుకు చీలిపోయినవి? ఇవి కవికి అవసరం లేని ప్రశ్నలు. వీటికి సమాధానం కావలెనంటే చరిత్రను అడుగవలసినదే.

ఆదివారం ఎట్లా వచ్చినది?

మరునాడు ఆ విద్యార్థికి నేనొక ఎదురుప్రశ్న వేసినాను. “మిల్లు కార్మికునికి ఆదివారం సెలవు ఎవరిచ్చినారు?” దొరలిచ్చినారని ఒకరు, చట్టమిచ్చినదని మరొకరు అన్నారు. రెండూ పూర్తి సత్యాలు కావు.

బొంబాయి బట్టల మిల్లులలో 19వ శతాబ్ది చివర దాకా పెద్దవారికి వారాంతపు సెలవు అన్నది లేదు. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకే వరకు పని. జ్యోతిరావ్ ఫూలే అనుచరుడూ, ‘దీనబంధు’ పత్రికా సంపాదకుడూ అయిన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో కార్మికులను సమావేశపరచి, సుమారు 5,500 మంది చేత ఒక వినతిపత్రం మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టించినాడు. ఆరేండ్లు గడచినవి. 1890 ఏప్రిల్‌లో దాదాపు పదివేల మంది కూడిన బహిరంగసభలో ఇద్దరు శ్రామిక స్త్రీలు సైతం లేచి మాట్లాడినారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారానికొక సెలవు ఇవ్వడానికి అంగీకరించినది. మరుసటి సంవత్సరం వచ్చిన ఫ్యాక్టరీల చట్టం దానిని ఖాయపరచినది. అడిగినవారు ముందు, ఇచ్చినవారు తరువాత, చట్టం ఆ తరువాత. ఈ వరుస గుర్తుంచుకొనదగినది.

అయితే లోఖండే నడిపిన సంస్థకు సభ్యుల పట్టిక లేదు; నిలవ నిధి లేదు; నియమావళి లేదు. నాయకుడున్నంత కాలం అది ఉన్నది. 1897లో ప్లేగు మహమ్మారి సోకి ఆయన కన్నుమూసిన తరువాత ఆ గొంతు కూడా ఆగిపోయినది. పేరు నమోదు చేసుకొని, నెలనెలా చందా చెల్లించి, ‘ఇది మాది’ అని చెప్పుకొనగల సంఘం మన దేశంలో నిలద్రొక్కుకొనడానికి మరి ఇరువది యేండ్లు పట్టినది. అది జరిగిన ఊరు మదరాసు. ఆనాడు ఆంధ్రులకు కూడా రాజధాని.

పెరంబూరు అంగడి

మదరాసు నగరంలో పెరంబూరు ప్రాంతాన బిన్నీ కంపెనీవారి బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు ఉండేవి. వేలమంది పనివారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యానికి కావలసిన ఖాకీ గుడ్డ అక్కడ నేసేవారు. మగ్గాలకు విరామం లేదు; మిల్లులకు లాభాలు మెండు. బయట బజారులో బియ్యం ధర, బట్ట ధర మండిపోతున్నవి.

ఆ మిల్లుల చెంత సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వర్తకులు ఉండేవారు. వారు మిల్లులో పనిచేసినవారు కారు. రాజకీయ నాయకులూ కారు. వారు నడిపే భక్త సమాజం పేరు శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణీ సభ. పని ముగించుకొని వచ్చిన కార్మికులు అక్కడ చేరి హరికథలో, పురాణ ప్రవచనమో విని పోయేవారు. అయితే కథకు ముందూ వెనుకా మనుష్యులు ఊరక కూర్చుండరు కదా! నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఒకడు చెప్పిన బాధ మరొకనిది కూడా అని తెలియడానికి ఆ నాలుగు మాటలే చాలును.

ఇంటిలో ఒంటరిగా కూర్చున్నవాడు తన కష్టాన్ని తన కర్మ అనుకుంటాడు. ప్రక్కవాడు కూడా అదే కష్టం చెప్పినప్పుడు, రెండు కర్మలు ఇంత సరిగ్గా ఒకే విధంగా ఎందుకున్నవన్న అనుమానం పుడుతుంది. సంఘానికి బీజం ఆ అనుమానమే. భగవత్కథ వినడానికి కట్టుకున్న చావడిలో ఆ బీజం పడడం చిత్రంగా తోచవచ్చును. కాని కలసి కూర్చునే చోటు లేనిదే ఏ సంఘమూ పుట్టదు. ఆనాటి పనివారికి ఉన్న చోటు అదే.

ఆ వర్తకులిద్దరూ అనిబిసెంటు నడుపుతున్న ‘న్యూ ఇండియా’ పత్రిక కార్యాలయానికి వెళ్లి బి. పి. వాడియాను కలుసుకున్నారు. ఆయన బొంబాయి పార్శీ, దివ్యజ్ఞాన సమాజీయుడు, 1917లో బిసెంటుతో పాటు ప్రభుత్వ నిర్బంధానికి గురియై విడుదలైనవాడు. వేదాంత గ్రంథాల ప్రచురణ చూచుకొనే ఆయనకు మగ్గం మోత కొత్త. అయినా పెరంబూరు వెళ్లి పనివారి మాటలు విన్నాడు. 1918 ఏప్రిల్ 27న మదరాసు లేబరు యూనియన్ స్థాపితమైనది. వాడియా అధ్యక్షుడు, ఆ వర్తకులిద్దరూ కార్యదర్శులు. ప్రసిద్ధ తమిళ పండితుడూ, పత్రికా సంపాదకుడూ అయిన తిరు. వి. కల్యాణసుందర ముదలియారు అందులో ముఖ్యపాత్ర వహించినాడు. సాహిత్యోపాధ్యాయులు ఈ సంగతి గమనింతురు గాక!

అడిగినది ఏమి?

మా విద్యార్థి ప్రశ్నకు ఇక్కడ సగం జవాబున్నది. సంఘం పెట్టగానే ఆ పనివారు రాజ్యం అడుగలేదు. మిల్లును తమ పేర వ్రాయుమనలేదు. వారు ముందుగా మొరపెట్టుకున్న సంగతులలో ఒకటి అన్నం తినే వేళ.

మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే విరామం అరగంట. ఇంట్లో కూర్చుండి లెక్కించేవానికి అరగంట తక్కువేమీ కాదు. ఆ పనివాని లెక్క వేరు. యంత్రం వదలి, వేలమందితో పాటు ద్వారం దాటి, చేతికంటిన నూనె, నూలుపొడి కడుగుకొని, తన సద్ది మూట వెదకికొని, కూర్చునేందుకు నీడ చూచుకొని, నాలుగు ముద్దలు తిని, మళ్లీ వేలమందితో పాటు లోపలికి చేరుకొనవలెను. ఆలస్యమైతే దండన ఉండనే ఉన్నది. ఇన్నిటిలో నమలడానికి మిగిలినదెంత? విరామం మరికొన్ని నిమిషాలు పెంచుమని వారు అడిగినారు. పై అధికారులు చేయి చేసుకొనరాదనీ, మనుష్యులుగా చూడవలెననీ అడిగినారు. ధరలకు తగిన కూలి అడిగినారు.

సంఘమంటే సమ్మెయేనన్న భావానికి మరొక జవాబు కూడా ఆ సంవత్సరమే దొరుకుతుంది. పనివారు సమ్మెకు ఉత్సహించినప్పుడు వాడియాయే వారించినాడు. యుద్ధరంగంలో ఉన్న సైనికునికి గుడ్డ కరువు కారాదన్నది ఆయన వాదం. పని ఆపుదామన్నవారిని సంఘాధ్యక్షుడు ఆపగా, ఆ ఏడాదిలోనే మిల్లుకు తాళం వేసినది యాజమాన్యం. ఎవరు ఎవరిని మూయించినారో చదువరులే నిర్ణయింతురు.

పెరంబూరు మాట త్వరలోనే నగరమంతటా ప్రాకినది. ట్రాము కార్మికులు, రిక్షా లాగేవారు, రైల్వే కార్ఖానా పనివారు తమ తమ సంఘాలు కట్టుకున్నారు. 1919లో వాషింగ్టన్‌లో మొట్టమొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ జరిగినప్పుడు భారత కార్మిక ప్రతినిధి ఎన్. ఎం. జోషీకి సలహాదారుగా వాడియా వెళ్లినాడు. 1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఆవిర్భవించినది.

మాంచెస్టరులో ధర్మం, మదరాసులో నేరం

1920 చివర బకింగ్‌హాం మిల్లులో మళ్లీ తగాదా రేగినది, మళ్లీ లాకౌటు. డిసెంబరులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం కలిగినది. ఈసారి కంపెనీ హైకోర్టుకు ఎక్కినది. వారి వాదం సుబోధకమే: పనివాడు మాతో ఒప్పందం చేసుకున్నాడు, ఆ ఒప్పందం తప్పుమని వాడియా ప్రభృతులు ప్రేరేపించినారు, మాకు నష్టం కలిగినది, ఆ నష్టం వారే ఇచ్చుకొనవలెను. న్యాయస్థానం వారికి అనుకూలంగా తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చినది.

ఇందులోని వింత గ్రహించవలెనంటే ఇంగ్లండు వైపు ఒకసారి చూడవలెను. అక్కడ కూడా 1901లో టాఫ్‌వేల్ రైల్వే వ్యాజ్యంలో, సమ్మె వలన కంపెనీకి కలిగిన నష్టాన్ని సంఘమే భరించవలెనని తీర్పు వచ్చినది. నిధులు హరించుకుపోతే సంఘాలు బ్రతుకవని గ్రహించిన కార్మికలోకం ఉద్యమించగా, 1906లో పార్లమెంటు చట్టం చేసి ఆ భయం తొలగించినది. ఆ రక్షణ సముద్రం దాటి ఇక్కడికి రాలేదు. మాంచెస్టరు నేతపనివాని నాయకుడు నిర్భయంగా చేయగల పనినే మదరాసు నేతపనివాని నాయకుడు చేస్తే దోషమైనది. దొర ఒకడే, గుడ్డ ఒకటే, న్యాయం మాత్రం రెండు విధాలు!

1921 ఆరంభంలో రాజీ కుదిరినది. కంపెనీ వ్యాజ్యం విరమించుకున్నది. అందుకు ప్రతిగా వాడియా సంఘంతో సంబంధం వదలుకొనవలసి వచ్చినది. ఆయన తరువాతి జీవితమంతా తత్త్వచింతనలోనే గడచినది. 1945లో బెంగుళూరులో ప్రపంచ సంస్కృతి సంస్థను నెలకొల్పి, 1958లో పరమపదించినాడు. సంఘానికి తలగా నిలిచినవాడు బయటివాడైతే, ఒక్క కోర్టు కాగితంతో ఆ తలను వేరుచేయవచ్చునన్న పాఠం మాత్రం కార్మికులకు మిగిలినది.

అయితే అణచదలచిన వ్యాజ్యమే మరొక విధంగా ఉపకరించినది. ఎన్. ఎం. జోషీ 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో ఈ సమస్య లేవనెత్తి, కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావలెనని తీర్మానం ప్రతిపాదించినాడు. ఫలితంగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వెలువడి, 1927 జూన్ 1న అమలులోకి వచ్చినది. ఏడుగురు కలసి దరఖాస్తు పెట్టి సంఘాన్ని రిజిస్టరు చేసుకొనే మార్గం ఏర్పడినది. న్యాయమైన సంఘకార్యానికి కుట్ర నేరం మోపరాదనీ, ఒప్పందం తప్పించినారన్న కారణంతో నష్టపరిహారపు దావా వేయరాదనీ ఆ చట్టం రక్ష కల్పించినది.

చావడిలో చోటు

ఇంతటితో కథ ముగిస్తే విజయగాథ అవుతుంది. కాని పిల్లలకు చరిత్ర చెప్పేవాడు విజయం దగ్గర ఆగిపోరాదు.

1921 జూన్‌లో కర్ణాటిక్ మిల్లులో పని ఆగిపోయి, క్రమంగా పెద్ద సమ్మె అయినది. ఆ సమ్మెలో పనివారు రెండుగా చీలినారు. ఆది ద్రావిడ కార్మికులు చాలామంది పనికి వెళ్లినారు. సవర్ణ హిందువులు, ముసల్మానులు చాలామంది బయట నిలిచినారు. కొట్లాటలు జరిగినవి. పుళియాంతోపులో గుడిసెలు తగులబడినవి. పోలీసు కాల్పులలో మనుష్యులు మరణించినారు. అక్టోబరు నాటికి సమ్మె విఫలమైనది.

ఆనాడు పనికి వెళ్లినవారిని ద్రోహులన్నవారు ఉన్నారు. అనడం తేలిక. ఊరి వెలుపల గుడిసెలో ఉంటూ, చేబదులిచ్చే బంధువు గాని, తిండిగింజలు పంపే సెంటు పొలం గాని లేనివానికి మూడు నెలల సమ్మె ఏమవుతుందో ఆలోచించవలెను. అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. మిల్లులో ప్రక్క మగ్గం దగ్గర నిలుచుండనిచ్చినవారు, మిల్లు బయట తమ వీధిలో అతనిని నడవనిచ్చినారా? ప్రక్కన కూర్చుండబెట్టుకొని సద్ది తిన్నారా? అన్నం తినే వేళ కోసం పుట్టిన సంఘం, ఎవరు ఎవరితో కూర్చుండి తినవలెనన్న చోట విరిగిపోయినది. ఆ వైరాన్ని యాజమాన్యమూ, రాజకీయ పక్షాలూ తమకు తోచినట్లు వాడుకొన్న మాట నిజమే. కాని పగులు ముందే ఉన్నది. ఇతరులు అందులో గునపం దించినారు.

చలిచీమలకు కులం లేదు. ఆ ఉపమానం మనుష్యులకు సగమే వర్తించడానికి కారణం ఇదే.

గిరి గారి బాట

ఆ తరువాతి తరంలో ఈ ఉద్యమానికి తెలుగువాడొకడు చేసిన సేవ మనం మరువరానిది. వరాహగిరి వెంకటగిరి 1894లో, అప్పుడు మదరాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందిన బరంపురంలో జన్మించినాడు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చి రైల్వే కార్మికులలో పనిచేసినాడు. 1927లో ఖరగ్‌పూరు కేంద్రంగా సాగిన బెంగాల్ నాగపూరు రైల్వే సమ్మెకు నాయకత్వం వహించినాడు. తగాదా తీర్చవలసినది మూడవవాడు కాదనీ, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుండి తామే తేల్చుకొనవలెననీ ఆయన సిద్ధాంతం. అట్లా కూర్చుండవలెనంటే ఇవతలి ప్రక్క బలమైన సంఘం ఉండవలెను. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో పదవి వదలుకున్నాడు. 1969లో రాష్ట్రపతి అయినాడు.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించరాదనీ, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వవలెననీ విధించినది. మళ్లీ అరగంటయేనా అని అనవచ్చును. కాని 150 మందికి మించిన చోట భోజనశాల, 250 మందికి మించిన చోట క్యాంటీను ఉండవలెనని కూడా అదే చట్టం చెప్పినది. కప్పు క్రింద కూర్చుండి తినే అరగంటకూ, ద్వారం వైపు పరుగెత్తే అరగంటకూ ఎంతో భేదమున్నది. 1950లో రాజ్యాంగం 19వ అధికరణలో సంఘం పెట్టుకొనే స్వేచ్ఛను ప్రాథమిక హక్కు చేసినది. ఇటీవల 1926 చట్టం, 1948 చట్టం రెండూ కొత్త కార్మిక స్మృతులలో లీనమైనవి. పార్లమెంటు 2020లో ఆమోదించిన ఆ స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినవి. వాటి మంచిచెడ్డల మీద వాదాలు సాగుతున్నవి. పేర్లు మారినా, ప్రతి నిబంధన వెనుక ఎవరో ఒకరు అడిగిన చరిత్ర ఉన్నదని పిల్లలు తెలిసికొంటే చాలును.

ద్వారం లేని మిల్లు

ఇది వ్రాయడానికి కారణం మరొకటి కూడా ఉన్నది. క్రిందటి నెలలో ఒక రాత్రి మా పొరుగింటివారు ఫోనులో తెప్పించుకున్న భోజనం పట్టుకొని ఒక కుర్రవాడు వచ్చినాడు. వాకిట నిలుచున్న నన్ను చూచి హెల్మెట్ తీసి నమస్కరించినాడు. నాలుగేండ్ల క్రింద నా దగ్గర చదివినవాడు.

“భోజనమైందా నాయనా?” అన్నాను.

“ఇంకో రెండు ఆర్డర్లున్నాయి సార్. అవయ్యాక తింటాను.”

అప్పటికి రాత్రి పది. చేతిసంచి నిండా అన్నం, అది ఇతరులది. మీరంతా కలసి మాట్లాడుకోరాదా అని అడిగినాను.

“ఎక్కడ కలుస్తాం సార్? మాకేమైనా ఫ్యాక్టరీయా, గేటా? పని చెప్పేది ఫోను, ఆపేది ఫోను” అని నవ్వినాడు. అంతలో ఏదో జ్ఞాపకం వచ్చి, “అయినా టీ కొట్టు దగ్గర రోజూ ఓ పన్నెండు మందిమి చేరతాం సార్. మొన్న ఒకడు బండి మీంచి పడితే తలా వంద వేసుకుని ఆసుపత్రిలో కట్టాం. అప్పట్నించీ ఒక పుస్తకంలో పేర్లు రాసుకుని వారం వారం కొంత వేస్తున్నాం” అన్నాడు.

నాకు పెరంబూరు అంగడి కళ్లకు కట్టినది. తాను చేస్తున్న పని పేరేమిటో ఆ కుర్రవానికి తెలియదు. నేను కూడా చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అడిగినాను:

“ఆ పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నవా?”

కొంచెం తడుముకున్నాడు. “ఇద్దరివి లేవు సార్. ఒరిస్సా కుర్రాళ్లు. మన భాష రాదు. పక్కగా నిలబడతారు. మేమూ పిలవలేదు.”

“ముందు వాళ్ల పేర్లు వ్రాయించు” అన్నాను.

ఫోను మ్రోగినది. “సరే సార్” అని బండి ఎక్కి వెళ్లిపోయినాడు.